చిన్న పడవకు గాలం కర్ర హోల్డర్: అపోహలు - వాస్తవాలు

చిన్న పడవల కోసం పీవీసీ పైపుతో గాలం కర్ర హోల్డర్లు నేనే చేస్తుంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగేదంతా పైపు గురించే: ఎంత మందం, ఏ రకం, ఏ రంగు అని. కానీ పైపు విరిగి పోయిన హోల్డర్లను నేను చూసింది తక్కువ. పైపును పడవకు బిగించిన చోటే ఎక్కువగా ఊడిపోతుంది.

అపోహ: పైపు మందంగా ఉంటే ఎంత చేపకైనా ఆగుతుంది.

వాస్తవం: చిన్న లెక్క వేద్దాం. రెండు మీటర్ల కర్ర హోల్డర్‌లోకి 20 సెంటీమీటర్లు దిగి ఉందనుకోండి. చేప దాని కొనను 5 కిలోల బలంతో అడ్డంగా లాగితే, పైపు మూతి దగ్గర 50 కిలోలు, అడుగున 45 కిలోల బలం పడుతుంది. కర్ర వంగుతుంది కాబట్టి అసలు బలం ఇంతకంటే కొంత తక్కువే, అయినా ఇది తేలిగ్గా తీసుకునే బరువు కాదు. అదే కర్రను 30 సెంటీమీటర్లు దించండి. మూతి దగ్గర దాదాపు 33, అడుగున 28 కిలోలకు తగ్గిపోతుంది. అందుకే నేను మందం కంటే లోతు చూస్తాను.

ఆ బలమంతా చివరికి చేరేది స్క్రూల మీదికే. పల్చటి ఫైబర్ అంచులో స్క్రూకు దొరికే పట్టు రెండు మూడు మరలే. నా మొదటి హోల్డర్ అలాగే పోయింది. పైపు చెక్కుచెదరలేదు, కర్రతో సహా నీళ్లలో పడిపోయింది. అంచు మీద పీచు లేచిన నాలుగు రంధ్రాలు మిగిలాయి. అప్పటి నుంచి అంచు గుండా బోల్టు దించి, కింద వెడల్పాటి వాషరో పలకో పెట్టి, లాక్ నట్టు బిగిస్తున్నాను. కింది నుంచి చెయ్యి అందని చోట హోల్డర్ పెట్టను.

అపోహ: హోల్డర్ గట్టిగా ఉంటే రీల్ డ్రాగ్ పూర్తిగా బిగించేయొచ్చు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. రీల్ అంటే కర్రకు ఉండే దారం చుట్టే చక్రం, డ్రాగ్ అంటే ఎంత లాగితే దాని నుంచి దారం జారాలో నిర్ణయించే బిగింపు. దారం తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర డ్రాగ్ ఉండాలి. అంటే 8 కిలోల దారానికి రెండు, రెండున్నర కిలోలు. కర్ర హోల్డర్‌లో ఉన్నప్పుడు ఇంకాస్త వదులే మంచిది. పడవ కదులుతుండగా గాలం నీటి అడుగున రాయికి తగులుకుంటే, డ్రాగ్ జారకపోతే ఆ లాగుడంతా పడవ పక్క అంచు మీదే పడుతుంది. చిన్న పడవ ఒరగడానికి అంత చాలు. కర్రకు ఒక తాడు కట్టి పడవకు ముడివేయడం కూడా మరవకండి.

అపోహ: పైపు మూతిలో రీల్ కాడ కూర్చునే గాడిని ఎలా కోసినా ఒకటే.

వాస్తవం: పగులు మొదలయ్యేది అక్కడే. హాక్సా బ్లేడుతో చదరంగా కోస్తే లోపలి మూలలు పదునుగా మిగులుతాయి, ఏదో ఒక రోజు ఆ మూల నుంచే సన్నటి గీత పాకుతుంది. ముందు గాడి చివర ఎక్కడికి రావాలో అక్కడ డ్రిల్లుతో గుండ్రటి రంధ్రం వేయండి. తర్వాత మూతి నుంచి ఆ రంధ్రం రెండు అంచులకూ తిన్నగా కోయండి. గాడి చివర గుండ్రంగా వస్తుంది. ఆకురాయితో అంచులు అరగదీసి, లోపలివైపు వేలు పెట్టి తడిమి చూడండి. వేలికి గరుకుగా తగిలితే కర్ర పిడిని కూడా గీస్తుంది.

అపోహ: మూతిని వెడల్పు చేయడానికి మంట మీద కాల్చాలి.

వాస్తవం: పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. సలసల మరిగే నీళ్లలో ముంచి తీసి, కోసుగా చెక్కిన కర్రముక్కను మూతిలోకి నొక్కితే చాలు. మంటలో మాడితే ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, పీల్చకూడదు. హీట్ గన్ వాడినా ఆరుబయటే వాడండి.

అపోహ: స్టెయిన్‌లెస్ బోల్టుకు తుప్పు భయమే లేదు.

వాస్తవం: స్టెయిన్‌లెస్ స్టీలులో రకాలుంటాయి, ఉప్పునీటికి 304 కంటే 316 రకం నయం. అల్యూమినియం పడవ అయితే సమస్య వేరు. స్టీలు నేరుగా తగిలిన చోట, ఉప్పునీరు చేరితే, తినేసేది అల్యూమినియాన్నే. మధ్యలో నైలాన్ వాషర్ పెట్టి, బోల్టు చుట్టూ సీలెంట్ పూయండి.

అపోహ: పైపు అడుగు మూసేస్తే కర్ర జారిపోదు.

వాస్తవం: మూస్తే నీళ్లు నిలుస్తాయి. అడుగుకు కాస్త పైన అడ్డంగా ఒక బోల్టు దూర్చండి. కర్ర దాని మీద ఆగుతుంది, నీళ్లు పక్క నుంచి కారిపోతాయి. కర్ర అడుగున గాడి ఉన్న రకమైతే అది ఆ బోల్టు మీద కూర్చుంటుంది, కర్ర తిరగదు.