ఇటలీ పూర్వీకుల్ని వెతికేవాళ్లకి: అపోహలు, వాస్తవాలు

ఇటలీ నుంచి వలస వెళ్లిన కుటుంబాల జనన, వివాహ, మరణ రికార్డులు వెతికి వంశవృక్షం తయారు చేయడం నా పని. అడిగేవాళ్లలో ఎక్కువమంది అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనాల్లో ఉన్న మూడో తరం, నాలుగో తరం వాళ్లు. ఈమధ్య తెలుగువాళ్లు కూడా అడుగుతున్నారు. కోడలో అల్లుడో ఇటాలియన్ అమెరికన్ ఇంటి నుంచి వస్తారు, మనవడికి రెండు వైపులా వంశం చెప్పాలని ఇక్కడి తాతగారి పట్టుదల. ఎవరు వచ్చినా మొదట చెప్పే మాటలు మాత్రం ఇంచుమించు ఇవే.

అపోహ: ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు మా ఇంటిపేరు మార్చేశారు, ఇక దొరకదు.

ప్రయాణికుల జాబితా రాసింది న్యూయార్క్‌లో కాదు. నేపుల్స్, జెనోవా, పలెర్మో లాంటి రేవుల్లో ఓడ కంపెనీ గుమాస్తాలే ఓడ ఎక్కేముందు రాసేవాళ్లు. వలస వచ్చినవాళ్లని తనిఖీ చేయడానికి 1892లో న్యూయార్క్ రేవులో తెరిచిన ఎల్లిస్ ఐలాండ్‌లో ఇన్‌స్పెక్టర్లు ఆ జాబితానే ముందు పెట్టుకుని, పేరు పిలిచి, ప్రశ్నలు వేసి పంపేవాళ్లు. పేరు మారింది ఆ తర్వాత. బడిలో టీచరు కుదించి ఉండొచ్చు, ఫ్యాక్టరీలో మేస్త్రీ నోరు తిరగక మార్చి ఉండొచ్చు, లేదా పెద్దాయనే ఇష్టపడి మార్చుకుని ఉండొచ్చు. కాబట్టి ఓడ జాబితాలో పాత ఇటాలియన్ స్పెల్లింగుతోనే వెతకండి.

భార్య పక్కన వేరే ఇంటిపేరు కనిపిస్తే కంగారు పడొద్దు. మన దగ్గర పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. ఇటలీ రికార్డుల్లో ఆడమనిషి పుట్టినా, పెళ్లాడినా, పోయినా పుట్టింటి పేరే. మాకు ఇంతకంటే మేలు చేసే ఆచారం ఇంకోటి లేదు.

అపోహ: ఇంటిపేరు తెలుసు, మావాళ్లది నేపుల్స్ అనీ తెలుసు. ఇది చాలు.

చాలదు. దేశమంతటికీ కలిపి ఒకే రిజిస్టరు ఇటలీలో ఎప్పుడూ లేదు. ఏ ఊరి పుస్తకాలు ఆ ఊరివే. ఊరి పురపాలనని అక్కడ కొమూనె అంటారు, ఇప్పుడు దాదాపు 7,900 ఉన్నాయి. వలస వెళ్లినవాళ్లు 'నేపుల్స్' అంటే ఓడ ఎక్కిన రేవు కావచ్చు, ఆ చుట్టుపక్కల జిల్లా కావచ్చు. పైగా ఊళ్ల పేర్లు కూడా మారాయి. సిసిలీలో జిర్జెంతి అనే పట్నం 1927 నుంచి అగ్రిజెంతో అయింది. పాత పేరు పట్టుకుని ఇప్పటి మ్యాపులో వెతికితే తల బద్దలు కొట్టుకోవడమే.

ఊరు పేరు ఇటలీలో కాదు, వలస వెళ్లిన దేశంలోనే వెతకాలి. అమెరికాలో అయితే 1906 తర్వాతి పౌరసత్వ దరఖాస్తులు, 1907 నుంచి స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా అడిగిన ఓడ జాబితాలు, అక్కడి కేథలిక్ చర్చిలో జరిగిన పెళ్లి రిజిస్టరు చూడండి. ఫాదర్ గారు పెళ్లికొడుకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఏ ఊళ్లో జరిగిందో రాసుకుని ఉంటే మీ పంట పండినట్టే.

ఊరు దొరికాక ఇంకో చిక్కు. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ దక్షిణాన గట్టిగా ఉండేది. నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి పెద్దకొడుకులకీ ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు. పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికీ అదే పేరు. అందుకే పేరు సరిపోయింది కదా అని ఆగిపోకుండా తల్లి పేరు, తాత పేరు కూడా సరిచూడాలి. తండ్రి పేరు ముందు 'ది' అని ఉంటే ఆయన బతికున్నట్టు, 'ఫు' అని ఉంటే పోయినట్టు. ఈ ఒక్క అక్షరం తేడాతో ఇద్దరు దాయాదుల్ని విడదీయొచ్చు.

అపోహ: ఇటలీ 1861లో ఏర్పడింది. అంతకుముందు ప్రభుత్వ రికార్డులు ఉండవు.

నేను ఎక్కువగా ఖండించే మాట ఇదే. దేశమంతటా ఒకే పద్ధతిలో సివిల్ రిజిస్ట్రేషన్, అంటే జనన, వివాహ, మరణాల్ని ప్రభుత్వమే నమోదు చేయడం, 1866లో మొదలైన మాట నిజమే. రోమ్, వెనెతో ప్రాంతాల్లో 1871లో వచ్చింది. కానీ నెపోలియన్ కాలంలోనే చాలా చోట్ల ఈ రిజిస్టర్లు మొదలయ్యాయి. ఉత్తరాన చాలా ప్రాంతాలు ఆయన పతనం కాగానే 1815 ప్రాంతంలో మానేశాయి. దక్షిణాన ఉన్న నేపుల్స్ రాజ్యం మానలేదు. అక్కడ 1809 నుంచి, సిసిలీలో 1820 నుంచి ఆగకుండా నడిచాయి. పేద దక్షిణం అని చిన్నచూపు చూసే ప్రాంతానివే అన్నిటికన్నా వివరమైన రికార్డులు.

ఆ కాలపు దక్షిణాది జనన పత్రం ఒకటి తీసి చూడండి. పేజీ రెండు నిలువు భాగాలుగా ఉంటుంది. ఎడమ వైపు తండ్రి బిడ్డని ఎత్తుకొచ్చి చూపించి, ఇద్దరు సాక్షుల ముందు ఇచ్చిన వాంగ్మూలం, ఆయన వయసు, వృత్తి, ఉంటున్న వీధి. కుడి వైపు ఏ రోజున ఏ చర్చిలో జ్ఞానస్నానం జరిగిందో ఫాదర్ తిప్పి పంపిన సమాచారం. ఒకే పేజీలో ప్రభుత్వమూ, చర్చీ.

పెళ్లి కట్టలు ఇంకా గొప్పవి. వీటిని ప్రొచెస్సెత్తి అంటారు. పెళ్లి చేసుకోవాలంటే వధూవరుల జనన పత్రాలు తేవాలి. పెళ్లికి తండ్రి సమ్మతి కావాలి, ఆయన లేకపోతే ఆయన మరణ పత్రం, అప్పుడు సమ్మతి ఇవ్వాల్సింది తాత కాబట్టి తాత కూడా పోయి ఉంటే ఆయన మరణ పత్రం కూడా జతచేయాలి. 1825 నాటి పెళ్లి కట్టలో 1700ల్లో పుట్టిన తాత, ఆయన తల్లిదండ్రుల పేర్లు దొరకడం మాకు మామూలే. ఒక్క కట్టలో నాలుగు తరాలు.

అపోహ: సివిల్ రికార్డులు దొరికాక చర్చి పుస్తకాలతో పనిలేదు.

1866 తర్వాత కొత్త రాజ్యం చర్చి పెళ్లిని చట్టపరంగా గుర్తించలేదు. 1929లో పోప్‌తో ఒప్పందం కుదిరేదాకా ఇదే పరిస్థితి. చాలామంది పల్లెజనం చర్చిలో పెళ్లి చేసుకుని, ఇక ఆఫీసుకి ఎందుకులే అని ఊరుకున్నారు. దాంతో ఏమయ్యేదంటే, బిడ్డ పుట్టినప్పుడు తండ్రి కొమూనె ఆఫీసుకెళ్లి తన పేరు చెప్పేవాడు, తల్లి దగ్గర మాత్రం గుమాస్తా 'పెళ్లికాని, తనకు బంధువు కాని ఒక స్త్రీ' అని రాసేవాడు. పేరే ఉండదు. ఆ పత్రం చదివి మా వంశంలో ఏదో రహస్యం ఉందని కుటుంబమంతా టెన్షన్ పడుతుంది. అదే ఊరి జ్ఞానస్నానం పుస్తకం తెరిస్తే, ఆ తల్లి పేరు, పుట్టింటి పేరుతో సహా, ధర్మపత్ని అని లాటిన్‌లో శుభ్రంగా ఉంటుంది.

చర్చి పుస్తకాల్లో ఇంకో రకం ఉంది, స్టాటుస్ అనిమారుమ్. ఈస్టర్ రోజుల్లో ఫాదర్ గడపగడపకీ తిరిగి ఇంట్లో ఎవరెవరున్నారో, వయసెంతో, దివ్యసత్ప్రసాదం (చర్చిలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకున్నారో లేదో రాసిన లెక్క. విడివిడి పత్రాలతో కట్టిన కుటుంబం సరైందో కాదో దీంతో తేలిపోతుంది.

తెలుగునాట పాత కేథలిక్ విచారణల, అంటే పారిష్‌ల, రిజిస్టర్లు చూసినవాళ్లకి ఈ పుస్తకాల తీరు కొత్తగా అనిపించదు. 19వ శతాబ్దంలో హైదరాబాద్ మిషన్‌లో పనిచేసింది మిలాన్ నుంచి వచ్చిన ఫాదర్లే మరి.

అపోహ: చర్చిలో వెయ్యేళ్ల రికార్డులు ఉంటాయి.

ఉండవు. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు రాసిపెట్టమని కేథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ చెప్పింది 1563లో, మరణాల పుస్తకం తప్పనిసరైంది 1614లో. ఫ్లోరెన్స్‌లో జ్ఞానస్నానాల పుస్తకాలు 1450 నుంచే ఉన్నాయి, కానీ అలాంటి ఊళ్లు అరుదు. మామూలు రైతు కుటుంబం 1600ల దాకా వెళ్లిందంటే అదృష్టమే.

అపోహ: ఎస్పొజితో అనే ఇంటిపేరు గొప్ప వంశానిది.

నేపుల్స్‌లో అనాథ శిశువులకి పెట్టిన పేరు అది. అక్కడి అనున్‌జియాతా ఆశ్రమం గోడలో ఉండే తిరుగుడు పెట్టెలో బిడ్డని వదిలి వెళ్లేవాళ్లు. ఆ పెట్టెని 1875లో మూసేశారు. ఇంటిపేరుకి రాజముద్ర అమ్మే వెబ్‌సైట్లకి డబ్బులు తగలెయ్యొద్దు.

అపోహ: ముత్తాత పత్రం దొరికితే ఇటలీ పాస్‌పోర్టు వచ్చేస్తుంది.

ఒకప్పుడు దాదాపు అంతే. 2025 మార్చి 28న వచ్చిన డిక్రీ, మే నెలలో దాన్ని ఖాయం చేసిన చట్టం తర్వాత, విదేశంలో పుట్టినవాళ్లకి వంశం ద్వారా పౌరసత్వం సాధారణంగా తల్లిదండ్రులు లేదా తాత బామ్మల తరం వరకే లెక్క. అంతకుముందే దరఖాస్తు పెట్టినవాళ్లకి పాత పద్ధతే. మీ సంగతి లాయర్‌ని అడగండి.

అపోహ: అన్నీ యుద్ధంలో కాలిపోయాయి. / అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

రెండూ తప్పే. సివిల్ రిజిస్టర్లు రెండు ప్రతులుగా రాసేవాళ్లు. ఒకటి కొమూనెలో ఉండేది, రెండోది కోర్టుకి వెళ్లి, అక్కడి నుంచి ప్రభుత్వ ఆర్కైవ్‌కి చేరేది. ఒకచోట బాంబు పడినా ఇంకోచోట మిగిలే అవకాశం ఉంది. అంతెనాతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఈ రెండో ప్రతుల ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. కానీ అన్ని జిల్లాలూ లేవు, ఉన్నవాటిలో చాలావాటికి పేరుతో వెతికే సదుపాయం లేదు. సంవత్సరం తెరిచి, చివర్లో ఉండే పేర్ల పట్టిక చూసి, పేజీలు తిప్పుకోవాలి. చర్చి పుస్తకాలైతే చాలావరకు విచారణలోనో, బిషప్ పరిధిలోని డయోసిస్ ఆర్కైవ్‌లోనో బీరువాల్లోనే ఉన్నాయి.

కొమూనెకి రాసేటప్పుడు ఇటాలియన్‌లోనే, చిన్నగా రాయండి. ఒక ఉత్తరంలో ఒకరి గురించే అడగండి. సారాంశం కాకుండా పూర్తి నకలు, అంటే కోపియా ఇంతెగ్రాలె కావాలని చెప్పండి. పెళ్లి వివరం లాంటివి చాలాసార్లు మార్జిన్‌లోనే ఉంటాయి, సారాంశంలో అవి జారిపోవచ్చు. రెండు నెలలైనా జవాబు లేకపోతే మర్యాదగా మళ్లీ రాయండి. ఆగస్టులో మాత్రం రాయకండి, ఆఫీసులో సగం మంది సెలవులో ఉంటారు.