ప్రొసెక్కో రుచి రహస్యం ట్యాంకులోనే

ఇటలీ ఈశాన్య మూలన వెనెటో, ఫ్రియులి ప్రాంతాల్లో తయారయ్యే బుడగల వైన్ ప్రొసెక్కో. ఏడాదికి 60 కోట్లకు పైగా సీసాలు వస్తాయి. ఫ్రాన్సులోని షాంపేన్ ఉత్పత్తి అందులో దాదాపు సగమే, ధర మాత్రం చాలా ఎక్కువ. దాంతో ప్రొసెక్కో అంటే ‘పేదవాడి షాంపేన్’ అని తీసిపారేస్తుంటారు. కానీ దాన్ని చవక చేసిన పద్ధతే దాని రుచినీ కాపాడుతోంది.

ద్రాక్షరసం మామూలుగా పులిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోతుంది. బుడగలు కావాలంటే ఆ వైన్‌కి మళ్లీ కాస్త చక్కెర, ఈస్ట్ కలిపి, మూత బిగించి రెండోసారి పులియబెట్టాలి. లీటరుకు సుమారు 4 గ్రాముల చక్కెర ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడిని పుట్టిస్తుంది. అంటే 20 గ్రాములతో ఐదు. కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది రెట్టింపు!

షాంపేన్‌లో ఈ పని ఏ సీసాకి ఆ సీసాలోనే జరుగుతుంది. చివర్లో ఈస్ట్ మడ్డిని మెడ దగ్గరికి చేర్చి బయటికి తీయాలి. నిబంధనల ప్రకారం కనీసం 15 నెలలు సెల్లార్‌లో ఉంచాలి. ఇంత చాకిరీ దేనికని 1895లో ఇటలీకి చెందిన ఫెదెరికో మార్తినోత్తి మూసిన పెద్ద పాత్రలో పులియబెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1907లో ఫ్రెంచివాడు యూజీన్ షార్మా దాన్ని మెరుగుపరిచాడు. లోకమంతా షార్మా పద్ధతి అంటుంది, ఇటలీవాళ్లు ఒప్పుకోరనుకోండి.

అసలు సంగతి ఈస్ట్ దగ్గరుంది. నెలల తరబడి వైన్‌లో ఉండిపోతే చచ్చిన ఈస్ట్ కణాలు విచ్చుకుని బ్రెడ్, బిస్కెట్ లాంటి వాసనలు వదులుతాయి. షాంపేన్‌కి అదే అందం. ప్రొసెక్కోలో కనీసం 85 శాతం ఉండాల్సిన గ్లేరా ద్రాక్ష మాత్రం సుకుమారం. పచ్చి ఆపిల్, పియర్, తెల్లపూల వాసన దాని ఆస్తి. బ్రెడ్ వాసన కమ్మిందంటే అది కనబడదు. ట్యాంకులో కొన్ని వారాల్లోనే పని అయిపోతుంది, చల్లబరిచి, వడగట్టి, ఒత్తిడి పోకుండా సీసాలకెత్తుతారు. అందుకే ఆ తాజాదనం. ఆ పరిమళం కాలంతో తగ్గిపోతుంది కాబట్టి, ఏళ్ల తరబడి దాచుకోవడం దండగ.

అన్ని ప్రొసెక్కోలూ చవక కాదు. యునెస్కో 2019లో గుర్తించిన కొనెల్యానో, వల్దొబ్బియాదెనె కొండల నిటారు వాలుల్లో కోతలు చేత్తోనే సాగుతాయి, ధరా పెరుగుతుంది.

కొనేవాళ్లని తికమకపెట్టేది లేబుల్. ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే అసలు తీపి ఉండదనుకుంటాం. నిజానికి అందులో లీటరుకు 12 నుంచి 17 గ్రాముల చక్కెర ఉంటుంది. ‘డ్రై’ ఇంకా తియ్యన. నాలుక మీద చురుగ్గా తగలాలంటే ‘బ్రూట్’ తీసుకోవాలి.

గ్లాసులో వరసగా లేచే బుడగలకు కారణం గాజు కాదు. తుడిచిన గుడ్డ నుంచో, గాలి నుంచో అంటుకున్న సన్నటి నూలుపోగుల్లో చిక్కిన గాలి దగ్గర గ్యాస్ పోగై బుడగవుతుంది. మరీ శుభ్రంగా కడిగిన గ్లాసులో బుడగలు తక్కువే.

మిగిలిన సీసా మెడలో స్టీల్ చెంచా వేస్తే గ్యాస్ పోదంటారు, అది ఉత్తమాట. గట్టి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి ద్రవం గ్యాస్‌ని ఎక్కువగా పట్టి ఉంచుతుంది, మర్నాటికీ బుడగలుంటాయి.