బీటెక్‌లో ఉన్నది ఏ ‘టెక్నాలజీ’? నెల్లూరు ట్రిపుల్ ఈ చదువు వెనక కథ

కోవూరులో మోటార్ వైండింగ్ షాపు నడిపే తెలిసినాయన ఒకరు మొన్న నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగారు. వాళ్ళబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, డిప్లొమావాళ్ళను నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకునే ఈసెట్ పరీక్ష రాసి, బీటెక్ ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) రెండో ఏడాదిలో చేరాడు. ఆ తర్వాత అమెరికా వెళ్ళి ఎమ్మెస్ చేయాలని వాడి ఆశ. ‘‘అమెరికాలో ఇంజనీరింగ్ వేరంట, ఇంజనీరింగ్ టెక్నాలజీ వేరంట గదన్నా. టెక్నాలజీ అంటే ఒక మెట్టు కిందనే చూస్తారంట. మావోడిది బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ. మరి ఇది ఏ లెక్కలోకి వస్తాది?’’

ఇంజనీరింగ్ లెక్కలోకే వస్తుందని అప్పటికప్పుడు చెప్పేశాను. ఆయన ముఖం చూస్తే నమ్మినట్టు లేదు. నాకూ ఆ జవాబు సరిపోలేదు. ఎందుకంటే ఆయన అడిగిన తేడా ఉత్త పేర్ల గొడవ కాదు. దాని వెనక డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. సగం అమెరికాలో నడిచింది, సగం మన జిల్లాల్లో.

అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌ను విడిగా ఒక చదువుగా ఎంఐటీ 1882లో మొదలుపెట్టింది, మరుసటేడు కార్నెల్. ఆ కాలపు ఇంజనీరింగ్ విద్యార్థి వర్క్‌షాపులోనే సగం జీవితం గడిపేవాడు. డైనమో విప్పడం, బిగించడం, కాయిల్ చుట్టడం అన్నీ చదువులో భాగమే. రెండో ప్రపంచ యుద్ధం ఈ పద్ధతిని కుదిపేసింది. రాడార్ లాంటి కొత్త పరికరాల్లో ముందు నిలిచింది ఎక్కువగా భౌతిక శాస్త్రవేత్తలు. లెక్కల్లో, ఫిజిక్స్‌లో మన పట్టు చాలలేదని ఇంజనీరింగ్ కాలేజీలకే అనిపించింది. 1955లో అక్కడి ఇంజనీరింగ్ చదువు మీద గ్రింటర్ కమిటీ ఇచ్చిన నివేదిక ఈ సంగతే చెప్పి, సైన్సు పాలు పెంచమంది. రెండేళ్ళకు రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేసింది. దాంతో ఇక వెనుదిరిగి చూసుకోలేదు. సిలబస్‌లోకి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఫీల్డ్ థియరీ వచ్చి కూర్చున్నాయి. వర్క్‌షాపు గంటలు తగ్గిపోయాయి.

మరి ఫ్యాక్టరీలో మోటార్ కాలిపోతే చూసేదెవరు? సబ్‌స్టేషన్‌లో రిలే సెట్ చేసేదెవరు? ఆ ఖాళీలోకి అప్పటిదాకా రెండేళ్ళ కోర్సులు నడిపిన టెక్నికల్ విద్యాసంస్థలు వచ్చాయి. 1960ల చివరికి నాలుగేళ్ళ ‘ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ’ బ్యాచిలర్ డిగ్రీలు కుదురుకున్నాయి. అందులోనూ కాల్‌క్యులస్ ఉంటుంది. కాకపోతే సిద్ధాంతం నిరూపించడం కంటే దాన్ని వాడటం మీద దృష్టి. మోటార్ డ్రైవులు, ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లయిన పీఎల్‌సీలు, విద్యుత్ పంపిణీ, ఇన్‌స్ట్రుమెంటేషన్ లాంటి వాటికి ల్యాబులు ఎక్కువ. కోర్సులకు గుర్తింపు ఇచ్చే అబెట్ సంస్థలో ఇంజనీరింగ్‌కు ఒక కమిషన్ ఉంటే, ఇంజనీరింగ్ టెక్నాలజీకి ఇంకో కమిషన్ ఉంది. ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు దగ్గర కూడా కొన్ని రాష్ట్రాలు టెక్నాలజీ పట్టా ఉన్నవాళ్ళను అదనపు అనుభవం అడుగుతాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. కోవూరు ఆయన విన్న ‘ఒక మెట్టు కింద’ అనే మాట ఇక్కడ పుట్టింది. అది చదివినవాళ్ళు అక్కడ ఇంజనీరు హోదాలోనే చాలా ఉద్యోగాలు చేస్తున్నారన్న సంగతి మాత్రం ఆయన దాకా రాలేదు.

మన బీటెక్‌లోని టెక్నాలజీకి దీనితో సంబంధం లేదు. ఎన్.ఆర్. సర్కార్ అధ్యక్షుడిగా ఉన్న కమిటీ సూచన మీద 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైంది. ఐఐటీలు ఇచ్చే డిగ్రీకి బీటెక్ అని పేరు. పాత యూనివర్సిటీలు బీఈ (బ్యాచిలర్ ఆఫ్ ఇంజనీరింగ్) అనే ఇచ్చేవి. 1972 అక్టోబరు 2న హైదరాబాద్, అనంతపురం, కాకినాడ కాలేజీలను కలిపి ఏర్పాటు చేసిన జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ (జేఎన్‌టీయూ) బీటెక్ బాట పట్టింది. మనమూ అందులో పడ్డాం. ఇప్పటికీ చెన్నైలో అన్నా యూనివర్సిటీ కింద ట్రిపుల్ ఈ చదివితే బీఈ, తడ దాటి ఇటు చదివితే బీటెక్. లోపల ఉండేవి అవే మెషీన్లు, అవే పవర్ సిస్టమ్స్.

నెల్లూరు జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో ఆ పొట్టి శ్రీరాములు కూడా టెక్నికల్ చదువు చదివినవారే. బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చేసి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో పనిచేశారు. ఆయన ప్రాణత్యాగం తర్వాత ఆంధ్ర రాష్ట్రం వచ్చినా చాలాకాలం మన పిల్లలు ఇంజనీరింగ్‌కు ఊరు విడవాల్సిందే. గిండీ, అనంతపురం, కాకినాడ, 1959 తర్వాత తిరుపతి ఎస్వీయూ కాలేజీ. సొంత జిల్లాలో దొరికింది పాలిటెక్నిక్ డిప్లొమా. అందుకే పాత తరంలో ఇంటికి ఒక డిప్లొమా ఉంటే ఊరికి ఒక ఇంజనీరు ఉండేవాడు.

ఆ డిప్లొమాకు అప్పట్లో విలువ ఉంది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు ఊరూరికీ లైన్లు లాగుతున్న రోజులవి. నెల్లూరులో 1965లో 30 మెగావాట్ల థర్మల్ స్టేషన్ పెట్టారు. ఈ రోజు లెక్కలో అది బొమ్మ. అయినా టౌనులో పొగగొట్టం కనిపించడమంటే ఆ కాలానికి గొప్పే. బోర్డులో చేరినవాళ్ళకు నిచ్చెన మాత్రం స్పష్టంగా ఉండేది. డిగ్రీ ఉన్నవాడు ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరు) చేరి ఏడీఈ, డీఈ, ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) దాకా వెళ్తాడు. డిప్లొమావాడు సబ్ ఇంజనీరు. ఐటీఐవాడు లైన్‌మేన్. లైన్లను కలిపే జంపర్ తీగ తెగితే స్తంభం ఎక్కేది చివరివాడే. అమెరికా రెండు రకాల డిగ్రీలు పెట్టి తేడా చూపితే, మనం ఒకే డిగ్రీ ఉంచుకుని చేతిపనిని కింది మెట్లకు దించేశాం. డిగ్రీ చదివినవాడు టెస్టర్ పట్టుకుంటే నామోషీ అనే మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

కాలేజీలు మన దగ్గరికి రావడానికి చాలా కాలం పట్టింది. 1977లో విజయవాడ సిద్ధార్థతో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల దారి తెరుచుకుంది. 1983లో కాపిటేషన్ ఫీజును, అంటే సీటుకు డొనేషన్ వసూలు చేయడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. పదేళ్ళ తర్వాత ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విడదీసింది. నెల్లూరు, కావలి, ఒంగోలులో ప్రైవేటు కాలేజీల వరస మొదలైంది 1998 ప్రాంతంలోనే. 2008లో పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీలు 700 దాటిపోయాయి. వింజమూరు, పామూరు నుంచి కూడా పిల్లలు కాలేజీ బస్సులో వచ్చి బీటెక్ చదివారు. వాళ్ళ ఇళ్ళల్లో అది మొదటి డిగ్రీ. ఆ పథకాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. కానీ కాలేజీలు పెరిగినంత వేగంగా మెషీన్స్ ల్యాబులు, వాటిని నడపగల మాస్టార్లు పెరగలేదు.

ఆ 2008లోనే జేఎన్‌టీయూ ముక్కలైంది. నెల్లూరు అనంతపురం కిందికి, ప్రకాశం కాకినాడ కిందికి వెళ్ళాయి. 1970 దాకా కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు జిల్లాలోనివే. అలాంటిది కావలి పిల్లాడిది ఒక సిలబస్, కందుకూరు పిల్లాడిది ఇంకో సిలబస్ అయింది. కరెంటాఫీసుల సంగతీ అంతే. 2020 నుంచి ప్రకాశం విజయవాడ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్‌లో ఉంది, నెల్లూరు తిరుపతిలోని ఎస్పీడీసీఎల్‌లోనే ఉండిపోయింది.

కాలేజీలు వచ్చేసరికి ఉద్యోగాల తీరు మారిపోయింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడగొట్టారు. ఆ మరుసటేడు పంపిణీ చూసే డిస్కంలు వచ్చాయి. ఏఈ నోటిఫికేషన్ అంటే ఏళ్ళ తరబడి ఎదురుచూసే వస్తువైంది. మరోవైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏ బ్రాంచి అని అడక్కుండా తీసుకోవడం మొదలుపెట్టాయి. ట్రిపుల్ ఈ పిల్లాడు మూడో ఏడాదికే జావా కోచింగ్‌కు వెళ్ళేవాడు. ఇప్పుడు ఆ మొహమాటం కూడా లేదు, నేరుగా కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) లోనే చేరుతున్నారు.

విచిత్రమేమిటంటే, ట్రిపుల్ ఈ మీద మోజు తగ్గుతున్న ఆ ఏళ్ళలోనే నెల్లూరు తీరం కరెంటు కార్ఖానా అయింది. ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015లో ఉత్పత్తిలోకి వచ్చాయి, మూడోది 2023లో. అందులో ఒక్క యూనిట్ పాత నెల్లూరు స్టేషన్‌కు ఇరవై ఆరు రెట్లు పైమాటే. ముత్తుకూరు, చిల్లకూరు మండలాల్లో ప్రైవేటు ప్లాంట్లు కూడా లేచాయి. కృష్ణపట్నంలోనే 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు 2007లో రిలయన్స్ పవర్‌కు దక్కింది. ఇండోనేషియా 2010లో బొగ్గు ధరల నిబంధన మార్చాక అది ముందుకు సాగలేదు. లేచిన ప్లాంట్లలోనూ ఆపరేషన్, మెయింటెనెన్స్ పనులు చాలావరకు కాంట్రాక్టు సంస్థల చేతుల్లోనే ఉంటాయి. వాళ్ళకు కావాల్సింది బ్రేకర్ విప్పి బిగించగలవాడు, డ్రాయింగ్ చదివి కేబుల్ టెర్మినేట్ చేయగలవాడు. అంటే డిప్లొమా, ఐటీఐ పిల్లలు. బీటెక్ పట్టాతో గేటు దగ్గర నిలబడినవాడు అక్కడ ఎక్కువ చదువుకున్నవాడు, తక్కువ పని తెలిసినవాడు.

2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను వేల సంఖ్యలో తీసుకున్నప్పుడు పెట్టింది స్తంభం ఎక్కే పరీక్షే. చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోయే ఊళ్ళలో, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో అవసరమయ్యేదీ అలాంటి చేతులే.

అందుకే కోవూరు ఆయన కొడుకు నాకు ఆసక్తిగా అనిపించాడు. మన దేశంలో ఇంజనీరింగ్ టెక్నాలజీ పేరుతో డిగ్రీ ప్రత్యేకంగా కుదురుకోలేదు గానీ, ఈసెట్ దారిలో వచ్చే పిల్లలు దాదాపు ఆ చదువే చదువుతున్నారని నా అభిప్రాయం. డిప్లొమాలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసి వస్తారు. రెండో ఏడాదిలో చేరాక లాప్లాస్ ట్రాన్స్‌ఫారమ్స్ లాంటి లెక్కల దగ్గర తడబడతారు, ఎమ్మెత్రీ (మూడో మ్యాథ్స్ పేపరు) బ్యాక్‌లాగ్ మోస్తారు. మెషీన్స్ ల్యాబులోకి వెళ్తే మాత్రం స్టార్టర్ కనెక్షన్ ఇవ్వడానికి బ్యాచ్ అంతా వాళ్ళ వైపే చూస్తుంది. ఇంటర్ నుంచి వచ్చిన పిల్లలది దీనికి తలకిందులు. జేఎన్‌టీయూల 2020 కోర్సు రెగ్యులేషన్‌లో చివరి సెమిస్టర్‌ను ప్రాజెక్టుకూ ఇంటర్న్‌షిప్‌కూ కేటాయించడం ఆ లోటు పూడ్చడానికే. సర్టిఫికెట్ కొనుక్కునే ఇంటర్న్‌షిప్‌లతో అది ఎంత పూడుతుందో పిల్లలకే తెలుసు.

ఇక ఆయన అసలు ప్రశ్న. దేశాల మధ్య ఇంజనీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపుకు 1989లో వాషింగ్టన్ అకార్డ్ కుదిరింది. టెక్నాలజీ డిగ్రీలకు 2001లో సిడ్నీ అకార్డ్, డిప్లొమా స్థాయికి మరుసటేడు డబ్లిన్ అకార్డ్ వచ్చాయి. మన దగ్గర కోర్సులకు గుర్తింపు ఇచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ (ఎన్‌బీఏ) 2014 జూన్‌లో వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం పొందింది. అంటే మన బీటెక్ ఇంజనీరింగ్ గూట్లోనే ఉంది. అయితే ఒక మెలిక ఉంది. ఎన్‌బీఏ గుర్తింపులో టియర్ వన్, టియర్ టూ అని రెండు. యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీల కోర్సులకు టియర్ వన్. యూనివర్సిటీ సిలబస్ నడిపే మామూలు అఫిలియేటెడ్ కాలేజీలకు టియర్ టూ. అకార్డ్ వర్తించేది టియర్ వన్‌కే. ఎమ్మెస్ సీటుకు ఇదేం అడ్డు కాదు, యూనివర్సిటీలు మార్కులూ మిగతా వివరాలూ సొంతంగా చూసుకుంటాయి. రేపు అక్కడ ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సుకు పోతే మాత్రం ఈ కాగితం తేడా తెలుస్తుంది.

ఇదంతా వైండింగ్ షాపులో కూర్చుని చెప్పాను. ఆయన ఒక సబ్‌మెర్సిబుల్ మోటార్ స్టేటర్‌లోకి తీగ జొనుపుతూనే విన్నారు. ‘‘అయితే మావోడి కాలేజీది వన్నా, టూనా?’’ అన్నారు. కొడుక్కి ఫోన్ చేస్తే వాడికీ తెలియదు, సోమవారం ఆఫీసు రూములో అడుగుతానన్నాడు. స్పీకర్‌లో వాడి వెనక ఎవరో అరుస్తున్నారు, స్టార్ డెల్టా కనెక్షన్ తప్పిచ్చారని.