యుద్ధం ముగిశాక ఇల్లు ఎవరిది? బోస్నియా పనిలో ఎదురైన అపోహలు - వాస్తవాలు

బోస్నియా-హెర్జెగోవినాలో 1992 నుంచి 1995 వరకు సాగిన యుద్ధం ఆ దేశ జనాభాలో దాదాపు సగం మందిని, అంటే 20 లక్షలకు పైగా ప్రజలను, ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టింది. ఖాళీ అయిన ఇళ్ళలో చాలావాటిలోకి మరో ఊరి నుంచి తరిమివేసిన కుటుంబాలే వచ్చి చేరాయి. ఆ ఇళ్ళ దరఖాస్తులు పరిశీలించిన న్యాయవాదిగా, నేను తరచుగా వినే కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ఏళ్ళ తరబడి అనుభవంలో ఉన్నవారికే ఇల్లు దక్కుతుంది.

మన దేశంలో 12 ఏళ్ళ ప్రతికూల స్వాధీనం సంగతి తెలిసినవారు అక్కడా అంతేనని అనుకుంటారు. తుపాకికి భయపడి పారిపోయినవాడు తన హక్కు వదులుకున్నట్టు కాదు. యుద్ధకాలంలో స్థానిక అధికారులు ఇలాంటి ఇళ్ళకు ‘వదిలివేసిన ఆస్తి’ అని పేరు పెట్టి ఇతరులకు కేటాయించారు. యుద్ధం ముగిశాక ప్రభుత్వ ఫ్లాట్లలో ఉండినవారు కొద్ది రోజుల్లో తిరిగి రాకపోతే హక్కు పోతుందన్న నిబంధన కూడా వచ్చింది. పరాయి దేశపు శిబిరంలో తలదాచుకున్న కుటుంబం అంత త్వరగా ఎలా రాగలదు? యుద్ధాన్ని ముగించిన 1995 నాటి డేటన్ శాంతి ఒప్పందపు 7వ అనుబంధం నిర్వాసితులందరికీ తమ ఇళ్ళు తిరిగి పొందే హక్కు ఇచ్చింది. ఆ పాత చట్టాల అమలును 1998లో నిలిపివేశారు.

అపోహ: సంతకం పెట్టి రాసిచ్చాక అడగడానికేమీ మిగలదు.

బలవంతంగా రాయించుకున్న బదిలీలను, ఊరు దాటే అనుమతికి బదులుగా జరిగిన బదిలీలను గుర్తించరాదని అదే అనుబంధం, ఇళ్ళ హక్కులు తేల్చడానికి తాను ఏర్పరచిన ఆస్తి హక్కుల కమిషన్‌ను స్పష్టంగా ఆదేశించింది. నేను చూసిన ఒక ఫైలులో ఇంటి మార్పిడి పత్రం మీద ఉన్న తేదీ, ఊరు విడిచి వెళ్ళే అనుమతి మీద ఉన్న తేదీ ఒకటే. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టినప్పుడు ఆ సంతకం ఎలాంటిదో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

అపోహ: రిజిస్టరు దస్తావేజు లేనివారికి హక్కు లేదు.

ఇది పూర్తిగా తప్పు. అప్పట్లో పట్టణాల్లోని ఫ్లాట్లలో ఎన్నో ప్రభుత్వ యాజమాన్యంలో, లేదా సామాజిక యాజమాన్యంలో, అంటే వ్యక్తులవి కాక సమాజం మొత్తానికి చెందినవిగా, ఉండేవి. అక్కడివారికి సొంత దస్తావేజు ఉండేది కాదు, నివాస హక్కు మాత్రమే ఉండేది. ఆ హక్కునూ తిరిగి ఇచ్చారు.

అపోహ: తీర్పు వస్తే వివాదం తీరినట్టే.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. కమిషన్ 3 లక్షలకు పైగా నిర్ణయాలు ఇచ్చినా, వాటిని అమలు చేసే బలగం దాని చేతిలో ఉండేది కాదు. ఇల్లు ఖాళీ చేయించవలసింది స్థానిక గృహ కార్యాలయమే. ఆ ఇంట్లో ఉన్నవారు కూడా చాలాసార్లు నిర్వాసితులే కాబట్టి, వారిని దొంగలుగా చూస్తే పని సాగదు, జాలిపడి వదిలేస్తే ఇంటి యజమానికి అన్యాయం. 1999లో అంతర్జాతీయ సంస్థలు కలిసి ఒక అమలు ప్రణాళిక మొదలుపెట్టాయి. ఎవరి మతం, ఎవరి పలుకుబడి అన్నది చూడకుండా దరఖాస్తు అందిన వరుసలోనే పరిష్కరించాలని పట్టుబట్టడం, వేరే ఇల్లు ఉండి కూడా రెండోది పట్టుకున్నవారిని గుర్తించడం, నిజంగా గూడు లేనివారికి తాత్కాలిక వసతి చూపడం అనే మూడే పట్టుదలగా సాగాయి. నా దృష్టిలో వరుస పాటించడమే అన్నింటికన్నా పెద్ద న్యాయం, ఎందుకంటే సిఫారసు ఉన్నవాడి ఫైలు పైకి రావడం ఆగింది.

స్వాధీనం అప్పగించే రోజున తాళం తెరిచి, పంచనామా రాసి, తాళం చెవి చేతికిచ్చేవారు. తలుపు తీస్తే కిటికీ చట్రాలు, కుళాయిలు, కరెంటు తీగలు కూడా ఊడదీసుకుపోయిన ఇళ్ళు చూశాను. అందుకే ఇంటి స్థితిని ముందే రాసి ఉంచాలని మేము గట్టిగా అడిగేవాళ్ళం.

అపోహ: ఇల్లు తిరిగి ఇస్తే అందరూ తిరిగి వచ్చినట్టే.

స్థానిక గృహ కార్యాలయాలకు 2 లక్షలకు పైగా వచ్చిన దరఖాస్తుల్లో 90 శాతానికి మించి 2004 చివరికల్లా పరిష్కారమయ్యాయి, కానీ చాలామంది తాళం చెవి తీసుకున్నాక ఇల్లు అమ్మి, కొత్త చోటే ఉండిపోయారు. ఉపాధి, బడి, భద్రత లేని ఊరికి పిల్లలతో వెళ్ళమని ఎవరూ వారిని ఒత్తిడి చేయకూడదు. అమ్మాలా, ఉండాలా అన్నది ఇంటి యజమాని తేల్చుకోవలసిన విషయం. యుద్ధం వారి నుంచి లాక్కున్నది ఆ నిర్ణయాన్నే.