డంప్‌యార్డు ఎక్కడ పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

చెత్త యార్డులకు, మురుగునీటి శుద్ధి ప్లాంట్లకు స్థలాలు చూడటం నా పని. సర్వేకి ఏ ఊరు వెళ్లినా ఇవే మాటలు వింటాను, కొన్ని ఊరివాళ్ల నుంచి, కొన్ని మా ఆఫీసర్ల నుంచి.

అపోహ: ఊరికి దూరంగా పెడితే చాలు.

వాస్తవం: దూరం చూడాల్సిందే. ల్యాండ్‌ఫిల్ (చెత్తని పూడ్చే చోటు) నదికి 100 మీటర్లు, చెరువుకి, హైవేకి, ఇళ్లకి, మంచినీటి బావులకి 200 మీటర్ల దూరంలో ఉండాలని 2016 నాటి కేంద్ర ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. కానీ నేను ముందు చూసేది నేల. తెలంగాణలో చాలాచోట్ల కింద ఉన్నది పగుళ్లున్న గ్రానైట్, చెత్తలోంచి కారే నల్లనీరు ఆ పగుళ్లలోకి దిగిందంటే ఎటు పోతుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, 200 మీటర్లు దాటిన బోర్లలో కూడా తేలొచ్చు. అందుకే అడుగున 90 సెంటీమీటర్ల మందాన బంకమట్టి, దానిమీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (నీరు దిగని గట్టి ప్లాస్టిక్) షీటు వేయాలి, భూగర్భజలం ఎంత పైకొచ్చినా ఆ మట్టికి కనీసం 2 మీటర్లు కిందే ఉండాలి. ఇవి లేకుండా 40 కిలోమీటర్ల అవతల పెట్టినా లాభం లేదు, పైగా లారీల డీజిల్ ఖర్చు పెరుగుతుంది, దారి పొడవునా చెత్త రాలుతుంది.

అపోహ: ప్రభుత్వ భూమి ఖాళీగా ఉంది, అక్కడే పెట్టేద్దాం.

వాస్తవం: రికార్డులో ఖాళీ అయినా, చాలాసార్లు అది పశువులు మేసే చోటు, లేదంటే వానాకాలం చెరువులోకి నీళ్లు దిగే వాలు. ఒక్క వాన పడ్డాక వెళ్లి చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: మురుగునీటి ప్లాంటుని కూడా ఊరవతలకి పంపేయొచ్చు.

వాస్తవం: మురుగు పల్లానికే పారుతుంది. ఎగువకి తరలిస్తే రాత్రింబవళ్లు పంపులు నడపాలి, కరెంటు పోతే అదంతా నాలాలోకే.

అపోహ: అడ్డుపడేవాళ్లకి అభివృద్ధి పట్టదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి నగర శివారులోని జవహర్‌నగర్‌లోనే గుట్టలైంది. ఆ గుట్టని కప్పడం, చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు పెట్టడం చాలా ఆలస్యంగా జరిగాయి, అప్పటిదాకా ఆ కంపు, ఆ నీళ్లు భరించింది అక్కడి జనం. 2025లో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్, నల్లవల్లి వాళ్లు తమ దగ్గర డంప్‌యార్డు వద్దని రోడ్డెక్కితే తప్పేముంది? జవహర్‌నగర్ గురించి తెలిసినవాళ్లు మా డ్రాయింగులు చూసి ఎలా నమ్ముతారు?

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ ఉత్త తంతు, వెళ్లినా ఒకటే, మానినా ఒకటే.

వాస్తవం: తంతుగా ముగించేవాళ్లు ఉన్నారు, కాదనను. అయినా వెళ్లండి. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. చుట్టూ ఉన్న బోర్ల నీళ్లు ఎవరు పరీక్షిస్తారు, ఎన్ని నెలలకోసారి, రిపోర్టు పంచాయతీ ఆఫీసు గోడకి అంటిస్తారా లేదా అని కాగితం మీద రాసి అడగండి. చివర్లో మీరన్న మాటల సారాంశాన్ని అక్కడే తెలుగులో చదివి వినిపించాలి, ఆ తర్వాతే కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి సంతకం. అది పూర్తయ్యేదాకా ఎవరూ లేవకండి, మీ ప్రశ్న అందులో లేకపోతే అప్పటికప్పుడే రాయించండి.