పది లీటర్ల డ్రోన్ ఎన్ని ఎకరాలకు సరిపోతుంది?

మందు కొట్టే డ్రోన్ గురించి ఎవరైనా ముందు అడిగేది ట్యాంకు సంగతే: ఎన్ని లీటర్లు ఎత్తుతుంది? అమ్మేవాళ్లకూ ఆ ప్రశ్నే ఇష్టం, పెద్ద అంకె చెప్పవచ్చు కాబట్టి. శ్రీకాకుళం, విజయనగరం పొలాలకు అంతకంటే అక్కరకొచ్చే ప్రశ్న మరొకటి ఉంది. ఉదయం గాలి లేచేలోగా ఎన్ని ఎకరాలు పూర్తి చేస్తుంది?

పది లీటర్ల డ్రోన్‌నే తీసుకుందాం. బ్యాటరీతో కలిపి ఖాళీ బరువు 15 కిలోలు, ట్యాంకు నింపితే 25 కిలోలు అనుకుందాం. ఈ 25కి చట్టంలోనూ ప్రాధాన్యం ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల వరకు ఉన్నది చిన్న తరగతి. ఆపైన ఒక్క కిలో ఎక్కినా తరగతి మారుతుంది.

రెక్కలు గాలిని కిందికి తోస్తేనే డ్రోన్ పైన నిలుస్తుంది. బరువు పెరిగితే ఎక్కువ గాలిని తోయాలి, దాన్ని మరింత వేగంగానూ తోయాలి. ఈ రెండూ ఒకేసారి మీద పడటంతో కరెంటు ఖర్చు బరువుకు తగ్గ పాళ్లలో ఆగదు. బరువు నాలుగు రెట్లయితే ఖర్చు ఎనిమిది రెట్లవుతుంది. మన డ్రోన్‌లో 15 కిలోలు 25 అయ్యేసరికి బరువు మూడింట రెండు వంతులు పెరిగింది, ఖర్చు మాత్రం రెట్టింపు దాటిపోయింది. ఖాళీగా 1,600 వాట్లతో నిలిచేది నిండుగా దాదాపు 3,500 వాట్లు అడుగుతుంది.

ఇప్పుడు బ్యాటరీ వైపు చూద్దాం. 44.4 వోల్టులు, 16 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సెట్టులో ఉండే శక్తి 710 వాట్-అవర్లు, అంటే 710 వాట్ల చొప్పున గంటసేపు వాడుకునేంత. లిథియం పాలిమర్ సెల్‌ను అడుగంటా తోడేస్తే త్వరగా పాడవుతుంది. అందుకని 80 శాతమే వాడుకోవాలి, అంటే 570 వాట్-అవర్లు. నిండు ట్యాంకుతో ఊరికే ఒకేచోట నిలిపితే పది నిమిషాలలోపే అయిపోతుంది, ఖాళీగా అయితే ఇరవై నిమిషాలు వస్తుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే ఎగిరే సమయం చాలావరకు ఈ రెండోదే.

ఇంకో బ్యాటరీ కడితే సరిపోదా? అదీ సుమారు నాలుగు కిలోలు. శక్తి రెట్టింపవుతుంది, కానీ బరువు 29కి చేరి ఖర్చు పాతిక శాతం పెరుగుతుంది, కాబట్టి సమయం రెట్టింపు కాకుండా 1.6 రెట్ల దగ్గర ఆగుతుంది. పైగా ట్యాంకులోని పది లీటర్లు ఏడెనిమిది నిమిషాల్లో ఎలాగూ అయిపోతాయి. నింపుకోవడానికి దిగక తప్పని డ్రోన్‌కు మిగిలిన బ్యాటరీ వట్టి మోత. ట్యాంకూ బ్యాటరీ దాదాపు ఒకేసారి ఖాళీ అయ్యేలా చేసిందే మంచి డిజైన్ అని నా అభిప్రాయం.

అసలు కిటుకంతా ఒక కిలోలో పట్టే శక్తిలో ఉంది. కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్-అవర్లు ఉంటే ఈ బ్యాటరీలో 200 లోపే. ఎకరానికి పది లీటర్ల మందు నీళ్లు చాలునన్న లెక్క వెనుక ఈ లేమి కూడా ఉంది. పవర్ స్ప్రేయర్ పోసే 200 లీటర్లను ఈ డ్రోన్ మోయాలంటే ఎకరానికి ఇరవై సార్లు ఎగరాలి. కాబట్టి నీరు తగ్గించారు, మందు చిక్కన చేశారు, తుంపరలను సన్నం చేశారు. ఆకుల పైభాగాన ఉండే తెగుళ్లకు ఇది బాగానే పనిచేస్తుంది. శ్రీకాకుళం సన్నాలు రకం వరి గుబురుగా కమ్మిన మడిలో దుబ్బు మొదట్లో దాక్కుని రసం పీల్చే సుడిదోమతోనే చిక్కు. తుంపరను అక్కడికి దించాల్సింది రెక్కల గాలే, అది కూడా ట్యాంకు ఖాళీ అవుతున్న కొద్దీ బలహీనపడుతుంది. నిండుగా ఉన్నప్పుడు సెకనుకు 8 మీటర్ల దాకా దిగే గాలి చివరికి 6 దగ్గరకు వస్తుంది. మొదటి సాలుకూ చివరి సాలుకూ ఒకే వైద్యం అందుతుందనుకోకూడదు.

ఇక మన కమతాలు. నాలుగు మీటర్ల వెడల్పున, సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో కొట్టే డ్రోన్‌కు నూరు మీటర్ల పొడవున్న ఎకరం ముక్కలో పది సాళ్లు పడతాయి. కొట్టడానికి 250 సెకన్లు, మలుపుకు ఐదు సెకన్ల చొప్పున మరో 50. అదే ఎకరం పాతిక సెంట్ల ముక్కలు నాలుగైతే కొట్టే సమయం దాదాపు అంతే, మలుపులకు మాత్రం 160 సెకన్లు. గట్ల మీది తాటిచెట్లూ కరెంటు తీగలూ ఇందులో చేరలేదు. మలుపులో నాజిల్ మూసుకుంటుంది, బ్యాటరీ మూసుకోదు.

ట్యాంకు పెంచితే ఈ నష్టం పోదు. పనిని నిలబెట్టేది గట్టు మీద ఉన్న బ్యాటరీ సెట్ల సంఖ్య. తీసిన సెట్టు చేతికి వేడిగా తగులుతుంది. పన్నెండు నిమిషాల్లో మొత్తం ఖాళీ చేసేంత ధారగా కరెంటు లాగితే లోపలి నిరోధం దాన్ని కాగబెడుతుంది. ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి, ఛార్జికి మరో అరగంట పైనే. పది నిమిషాలకోసారి ఎగరాలంటే ఆరేడు సెట్లు కావాలి. గంటకు ఆరు ఎకరాలు అంటే ఛార్జర్లకు దాదాపు నాలుగు కిలోవాట్లు, ఇంటి దీపాలకు కొన్న చిన్న జనరేటర్ చాలదు. మూడు సెట్లతో సరిపెట్టుకుంటే డ్రోన్ సగానికి పైగా సమయం గట్టునే కూర్చుంటుంది, ఈలోగా సముద్రపు గాలి లేస్తుంది. తీర మండలాల్లో ఆ తర్వాత కొట్టిన మందు పక్కవాడి చేలో పడుతుంది.

నమో డ్రోన్ దీదీ పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. మహిళా బృందాలకు డ్రోన్ ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయంగా ఇవ్వాలన్నది అప్పటి నిర్ణయం. బృందాల చేతిలో ఇంకా కొంత డబ్బు ఉంటే పెద్ద ట్యాంకుకు ఆశపడకుండా అదనపు సెట్లూ సరైన జనరేటరూ కొనుక్కోవడం మేలంటాను.

ఉద్దానం జీడితోటల లెక్క వేరు. అక్కడ జీడి చిగుళ్ల రసం పీల్చే టీ దోమను కొట్టాలంటే గొడుగులా పరుచుకున్న చెట్టు లోపలి కొమ్మల దాకా మందు చేరాలి, పది లీటర్లు ఎకరానికి చాలవు. పెద్ద ట్యాంకు, పెద్ద రెక్కలు, వాటికి తగ్గ ఛార్జింగు ఉన్న డ్రోన్ అక్కడ తన ఖరీదు రాబట్టుకోగలదు, తోటలోకి వాహనం వెళ్లే దారి ఉంటే.