అమా దబ్లం ఎక్కాలనుకునే పిల్లలకు

విజయవాడ,
మే నెల.

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. వేసవి శిబిరంలో మీలో ఒక అమ్మాయి, "తాతగారూ, డబ్బు కడితే షెర్పాలే మనల్ని శిఖరం మీదికి తీసుకెళ్ళిపోతారట, నిజమేనా?" అని అడిగింది. టైం అయిపోయి ఆ రోజు సగమే చెప్పాను. మిగతాది ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

నిజం కాదమ్మా. షెర్పాలంటే ఆ హిమాలయాల్లో పుట్టిపెరిగినవాళ్ళు, గైడ్లుగా ఎక్కువగా ఉండేది వాళ్ళే. గైడ్ దారి చూపిస్తాడు, డేరా వేయిస్తాడు, ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడినుంచి వెనక్కి తిరగాలో చెబుతాడు. కొండ పొడుగునా తాడు కట్టి ఉంటుంది. కానీ ఆ తాడుకు నిన్ను నువ్వే తగిలించుకోవాలి. ముడి వచ్చిన ప్రతిచోటా విప్పి మళ్ళీ తగిలించుకోవాలి. ఆ పని నీ చేతులతో నువ్వు చేసుకోవలసిందే.

అమా దబ్లం సంగతే తీసుకుందాం. నేపాల్లో ఎవరెస్టు బేస్ క్యాంపుకు నడిచే దారిలో కుడిచేతి వైపు కనిపిస్తుంది. ఎత్తు 6,812 మీటర్లు. మొదటిసారి 1961లో ఎక్కారు. ఎవరెస్టు కన్నా రెండువేల మీటర్లు తక్కువే, కానీ చాలామంది దీన్నే కష్టమైన ఎక్కుడు అంటారు. నైరుతి గట్టు మీద రాయి, మంచు, గడ్డకట్టిన ఐసు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. దారిలో డేరాలు వేసుకుని ఆగే చోట్లలో రెండోదైన రెండో క్యాంపుకు కాస్త కింద ఎల్లో టవర్ అనే నిట్టనిలువు రాతి గోడ ఉంది. పెద్ద బూట్లతో, వీపున బస్తాతో, సగం గాలితో దాన్ని ఎక్కాలి.

తాడు మీద ఎక్కడం ఎలాగో తెలియాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. ఇది ముంజల కాలం. పొద్దున్నే కరకట్ట దాటి పొలాల వైపు వెళ్ళి, గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కేటప్పుడు నిలబడి చూడండి. నడుం వెనకనుంచి చెట్టు చుట్టూ తిరిగే మోకు ఒకటి, పాదాలకు బంధం ఒకటి ఉంటాయి. మోకు మీదికి వెనక్కి ఆనుకుని కాళ్ళు పైకి లాక్కుంటాడు. బంధం చెట్టును పట్టగానే కాళ్ళ మీద లేచి మోకును పైకి విసురుతాడు. ఏ క్షణంలో చూసినా రెండిట్లో ఒకటి చెట్టును పట్టుకునే ఉంటుంది. రెండూ ఒకేసారి వదలడు. కొండ మీద విద్య కూడా ఇదే.

మీ నడుముకూ తొడలకూ బిగించిన హార్నెస్ నుంచి రెండు పొట్టి తాళ్ళు ఉంటాయి. ఒకదాని చివర జుమార్, ఇంకోదాని చివర తాళం పడే కారాబైనర్ కొక్కెం. జుమార్ అంటే పిడి ఉన్న పట్టు. లోపలి పళ్ళు తాడును కరుస్తాయి కాబట్టి పైకి జారుతుంది, కిందికి జారదు. ముడి దగ్గరికి రాగానే ముందు కారాబైనర్‌ని ముడికి పైన ఉన్న తాడుకు తగిలించాలి. తాళం బిగించాలి. ఆ తర్వాతే జుమార్ విప్పి ముడి దాటించాలి. ఈ వరస తప్పితే ఒక రెండు సెకన్లు మీరు దేనికీ తగులుకుని ఉండరు. ఆ రెండు సెకన్లలోనే కాలు జారుతుంది.

జుమార్‌కు కట్టిన తాడు మీ చెయ్యి చాపినంత కన్నా పొడుగు ఉండకూడదు. ఉంటే, బరువు పడి వేలాడినప్పుడు జుమార్ అందదు, విప్పుకోలేరు, అక్కడే ఇరుక్కుపోతారు. దీన్ని ఇంట్లోనే సరిచూసుకోవాలి. తాడు ఏటవాలుగా పక్కకు పోయేచోట జుమార్ మెలిపడి తాడు మీదనుంచి ఊడవచ్చు. అందుకని దాని పై రంధ్రంలోంచి ఒక కారాబైనర్‌ని తాడును కలుపుకుంటూ వెయ్యాలి. తాడుకు మంచు పట్టి ఉంటే పళ్ళు కరవవు, జారతాయి. చేత్తో దులిపి, పళ్ళ సందుల్లో మంచు గీకి, బరువు వేసి చూసి అప్పుడు కదలాలి.

గీత కార్మికుణ్ణి ఇంకోసారి చూడండి. చేతులతో వేలాడుతూ పైకి పోడు. కాళ్ళతో లేస్తాడు. చేతులు నిలకడకే. కొండ మీద కొత్తవాళ్ళు జుమార్ పట్టుకుని చేతులతో లాక్కుంటారు. పావుగంటలో చేతులు చచ్చుబడిపోతాయి. బూట్లకు బిగించిన క్రాంపాన్ల ముందు మేకులు రెండూ ఐసులో దిగాక మడమలు కిందికి దించి కాళ్ళ మీద లేవాలి. మడమ పైకెత్తితే మేకులు ఊడివస్తాయి. చెట్టెక్కే ముందు రోజూ ఆయన మోకును తడిమి చూసుకుంటాడు. అలాగే కొండ మీద పాత ఏళ్ళ తాళ్ళు ఎండకు తెల్లబడి, పీచులు లేచి, కొత్త తాడు పక్కనే వేలాడుతుంటాయి. తగిలించే ముందు ఏది కొత్తదో కళ్ళతో చూడాలి, గైడ్‌ని అడగాలి.

దిగేటప్పుడు మాత్రం తాటిచెట్టు మనకు సాయం రాదు. ఆయన ఎక్కిన పద్ధతిలోనే దిగుతాడు. మనకు ఫిగర్ ఎయిట్ లాంటి వేరే పరికరం కావాలి. అది 8 అంకె ఆకారంలో, ఒక పెద్ద రంధ్రం, ఒక చిన్న రంధ్రంతో ఉండే లోహపు ముక్క. అలసట, చీకటి, శిఖరం చూశామన్న సంతోషం, మూడూ కలిసేది అప్పుడే. తాడును కొండకు బిగించిన చోటును యాంకర్ అంటారు. ప్రతి యాంకర్ దగ్గరా ముందు కారాబైనర్ యాంకర్‌కు తగిలించాలి. ఫిగర్ ఎయిట్ విప్పి కింది తాడుకు ఎక్కించాలి. తాళం బిగించాలి. దాని మీద బరువు వేసి చూశాకే కారాబైనర్ తియ్యాలి. కింద ఎవరైనా ఆ తాడు మీదే వేలాడుతుంటే తాడు బిగుసుకుని పరికరంలోకి ఎక్కదు. వాళ్ళు విడిపించుకుని కేకేసేదాకా ఆగాలి. ఫిగర్ ఎయిట్ చెయ్యి జారి పడిపోకుండా ఉండాలంటే, దాని పెద్ద రంధ్రాన్ని హార్నెస్ కారాబైనర్‌లో ఉంచే తాడు ఎక్కించి, ఆ తర్వాత చిన్న రంధ్రానికి మార్చుకోవాలి.

ఇక గాలి. ఆక్సిజన్ శాతం ఇక్కడా అక్కడా ఒకటే, 21. తగ్గేది ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర మన కృష్ణ ఒడ్డున ఉన్నదాంట్లో సగమే. నీళ్ళు కూడా వంద డిగ్రీల కన్నా చాలా ముందే మరిగిపోతాయి, అందుకే బేస్ క్యాంపులో అన్నం ప్రెషర్ కుక్కర్లో వండుతారు. మూడువేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 300 నుంచి 500 మీటర్ల కన్నా పెరగకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఆగాలి. అందుకే లుక్లాలో విమానం దిగి, 3,440 మీటర్ల నామ్చే బజారులో ఆగి, చాలా బృందాలు ముందు 6,119 మీటర్ల లోబుచే ఈస్ట్ ఎక్కి, ఆ తర్వాతే అమా దబ్లం వైపు వస్తాయి. మొత్తం నెల రోజుల పని. తలనొప్పి, వాంతి ఉంటే ఇంక పైకి పోకూడదు. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవలేక తూలుతుంటే, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తుంటే, అర్ధరాత్రయినా కిందికి దించాలి. మందు ఆ దిగడానికి తోడు మాత్రమే, దాని బదులు కాదు.

మంచు కరిగించడం కూడా నేర్చుకోవలసిన పనే. గిన్నెలో ముందు కాసిని నీళ్ళు పోసి, అందులో మంచు వెయ్యాలి. ఉత్త మంచు వేస్తే అడుగు మాడి నీళ్ళు మాడువాసన వస్తాయి. సీసాను సంచిలో తలకిందులుగా పెట్టాలి. ఐసు పైన కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళు నీళ్ళుగా ఉంటాయి. గ్లౌజులకు మణికట్టు తాళ్ళు ఉండాలి. గాలికి ఒక్క గ్లౌజు ఎగిరిపోతే వేళ్ళు పోతాయి.

మన తెలుగమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కింది కదా అంటారు. ఎక్కింది, 2014 మే 25న, టిబెట్ వైపునుంచి. కానీ అంతకు ముందు భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి సాధన చేసింది. మీకు కూడా దారి అదే. డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశిలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ బేసిక్ కోర్సు నేర్పుతాయి, తర్వాత అడ్వాన్స్‌డ్. అప్పటిదాకా మంగళగిరి మెట్లున్నాయి. మా చిన్నతనంలో పానకాలస్వామి కొండకు బిందెతో పానకం మోసుకెళ్ళే పెద్దవాళ్ళు ఎప్పుడూ పరుగెత్తేవాళ్ళు కాదు. పరుగెత్తే మేమే మధ్యలో కూలబడేవాళ్ళం. వీపున పది కిలోలు వేసుకుని, మాట్లాడుతూ ఎక్కగలిగేంత నెమ్మదిగా ఎక్కండి.

పెద్దయ్యాక ఏ సంస్థతో వెళ్ళినా డబ్బు కట్టే ముందు అడగండి. ఒక్కో ఎక్కేవాడికి ఎంతమంది గైడ్లు? తాళ్ళు ఎవరు కడతారు? బేస్ క్యాంపులో ఆక్సిజన్, వాకీటాకీలు ఉన్నాయా? ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలన్నది ముందే నిర్ణయిస్తారా? షెర్పాలకు బీమా ఉందా? వాళ్ళు కూడా మిమ్మల్ని తిరిగి ప్రశ్నలు అడగాలి, ఇంతకు ముందు ఏం ఎక్కారు, జుమార్ వచ్చా అని. ఏమీ అడక్కుండా డబ్బు తీసుకునేవాళ్ళతో వెళ్ళకండి. అక్కడ గైడ్‌ని దాయి అని పిలుస్తారు, మనం అన్నా అన్నట్టు. ఆయన వెనక్కి తిరుగుదామంటే బేరమాడకండి.

శిఖరానికి కింద, కొండ గుండెల మీద ఒక పెద్ద మంచుదిమ్మ వేలాడుతూ ఉంటుంది. 2006 నవంబరులో అక్కడినుంచి ఐసు విరిగి మూడో క్యాంపు మీద పడి ఆరుగురు పోయారు. ఆ తర్వాత చాలామంది అక్కడ పడుకోవడం మానేసి, రెండో క్యాంపునుంచే శిఖరానికి పోయి వస్తున్నారు. అంత బరువు ఆ వాలులో ఏళ్ళ తరబడి ఎలా నిలుస్తుందో, ఏ పూట విరుగుతుందో లెక్కగట్టి చెప్పడం నా వల్ల కాదు. ఫొటో తెచ్చుకుని ఒకసారి దాన్ని తీరిగ్గా చూడండి.

ఈ వారం ఒక సాధన చెయ్యండి. నేల మీదే, మేడ మీద పిట్టగోడ దగ్గర వద్దు. రెండు కిటికీ చువ్వల మధ్య నడుం ఎత్తున తాడు కట్టి, మధ్యలో మూడు ముళ్ళు వెయ్యండి. నడుముకు కట్టుకున్న గుడ్డకు రెండు పొట్టి తాళ్ళు, వాటి చివర తాళంచెవుల కొక్కేలు. ఆటకు అవి చాలు, బరువు మాత్రం వెయ్యకండి. నాన్న బైకు గ్లౌజులు తొడుక్కుని ఈ చివరనుంచి ఆ చివరకు ముళ్ళు దాటుకుంటూ వెళ్ళండి. రెండు కొక్కేలూ ఒకేసారి ఊడాయా అని ఒకరు పక్కన నిలబడి చూడాలి. ఊడితే మళ్ళీ మొదటినుంచి. కళ్ళు తెరిచి వచ్చాక, కళ్ళకు గంతలు కట్టుకుని చెయ్యండి.

ఆశీస్సులతో,
మీ తాతగారు